జేబులో ఏముండాలి? మేనకోడలికి ఒక ఉత్తరం

బుజ్జమ్మకు మామ ఆశీస్సులు.

వాట్సాప్‌లో నువ్వు పంపిన బొమ్మ చూశాను. ఒకటే కత్తి, 18 పనులు, సగం ధర, ఈ రాత్రితో ఆఫర్ అయిపోతుంది, కొనమంటావా మామా అని అడిగావు. వద్దు. ఆ 18లో నీకు పనికొచ్చేవి నాలుగు. ఆ నాలుగూ అందులో సరిగ్గా ఉండవు. కత్తి మొద్దు, కత్తెర వదులు, స్క్రూడ్రైవర్ మెత్తటి రేకు. సీసా మూత తీసేది ఒక్కటి బాగుంటుంది. తోటల చుట్టూ తిరిగే ఉద్యోగంలో దానితో నీకేం పని?

ఫోన్లో రెండు మాటల్లో తేలే సంగతి కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. పాకాలలో మోటార్లు రీవైండింగ్ చేసుకుంటూ బతికినవాణ్ణి కదా. బావి దగ్గరికి పోతే టూల్ పెట్టె ఎప్పుడూ బండి మీదే ఉండిపోతుంది, పనేమో గట్టు కింద ఉంటుంది. రైతు నీళ్ల కోసం ఎదురుచూస్తుంటాడు. అప్పుడు అక్కరకొచ్చేది జేబులో ఉన్నదే. అందుకే జేబులో ఏం పెట్టుకోవాలన్న దాని మీద నాకు కొంచెం పట్టింపు ఎక్కువ. మీ అత్త చాదస్తం అంటుంది, అననీ.

ఏదైనా కొనేముందు ఒక పని చెయ్యి. నెల రోజులు ఏమీ కొనొద్దు. తోటలో గానీ, రైతు సేవా కేంద్రంలో గానీ, బస్సులో గానీ, ఎవరినైనా ఒక వస్తువు అడిగి తీసుకున్నప్పుడల్లా ఫోన్లో రాసుకో. "అన్నా, కత్తి ఉందా", "అక్కా, ఒక పిన్నీసు ఇస్తావా", "లైటు ఇటు కొట్టు". నెలాఖరున చూసుకుంటే నీ జాబితా అదే తయారవుతుంది. మాటిమాటికీ అడిగింది జేబులోకి. ఎప్పుడో ఒకసారి అడిగింది స్కూటర్ డిక్కీలోకి. అసలు అడగనిది ఎంత ముద్దొచ్చినా అంగట్లోనే ఉండనీ. ఇంటర్నెట్లో ఎవరెవరో జేబులు దులిపి ఫోటోలు పెడుతుంటారు. వాళ్ల జేబు వాళ్ల ఊరికి, వాళ్ల పనికి సరిపోయింది. బంగారుపాళ్యం మామిడితోటల్లో ఏం తెగుతుందో, ఏం ఊడుతుందో వాళ్లకేం తెలుసు?

అసలు చిక్కు ఇంకొకటుంది. మాకు చొక్కా జేబు, ప్యాంటు జేబులు ఉన్నాయి. నీ చుడీదార్లకు ఒక్కటీ లేదు. హ్యాండ్‌బ్యాగులో పెడతానంటావు. చెట్టు కింద నిలబడినప్పుడు ఆ బ్యాగు స్కూటర్‌కు వేలాడుతుంటుంది, నా టూల్ పెట్టె కథే మళ్లీ. టైలర్‌కు చెప్పి కుడివైపు కుట్టులో జేబు పెట్టించుకో. మందం గుడ్డతో, చేయి మణికట్టు దాకా దిగేటంత లోతుగా, అడుగున రెండు కుట్లతో. కత్తి కొనడం కంటే ముందు జరగాల్సిన పని ఇది. జేబు ఎంతో తెలిస్తేనే అందులోకి ఏం పడుతుందో తెలిసేది.

ఇక కత్తి. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో కత్తుల పని మొదలుపెట్టి, 1891లో వాళ్ల సైన్యానికి మడత కత్తులు ఇచ్చాడు. ఇప్పుడు మనం చూసే ఎర్ర కత్తికి మూలమైన ఆఫీసర్ల కత్తిని 1897లో రిజిస్టర్ చేయించాడు. విక్టోరినాక్స్ అంటే ఆ కంపెనీయే. తీగలు పట్టుకుని వంచే పనిముట్టు ప్లేయర్ చుట్టూ మిగతావన్నీ మడిచిపెట్టిన లెదర్‌మాన్ 1983లో వచ్చింది, అది అమెరికావాళ్లది. రెండూ మంచి సరుకే. కానీ రోజంతా చుడీదార్ జేబులో లెదర్‌మాన్ మోస్తే జేబు మోకాలి దాకా సాగుతుంది. నీకు చిన్న ఎర్ర కత్తి చాలు: ఒక కత్తి, ఒక కత్తెర, ఒక పట్టకారు ఉన్నది. అంత డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే మామూలు మడత కత్తి ఒకటి, చిన్న కత్తెర ఒకటి విడివిడిగా కొనుక్కో. తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందుల్లో అన్నీ దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో వద్దనేది ఎందుకంటే, కత్తిని చేత్తో పట్టి చూడకుండా కొనకూడదు.

చూడాల్సింది పెద్దగా ఏం లేదు. కత్తి తెరిచి మొనను రెండు వేళ్లతో పక్కలకు ఊపు, కదిలితే పెట్టెయ్. కత్తెరతో పలచటి పాలిథిన్ కవరు కొయ్యి, కొనల దగ్గర కూడా. నమిలినట్టు కోస్తే పనికిరాదు. పొడవు బెత్తెడు దాటొద్దు. అంతకన్నా పెద్ద కత్తి పట్టుకుని తోటలోకి పోతే రైతు నీ మాట వినడు, నీ చేతివంకే చూస్తుంటాడు. చిన్న మడత కత్తుల్లో చాలావాటికి లాకు ఉండదు, గట్టిగా పొడిస్తే నీ వేళ్ల మీదికే మడుచుకుంటుంది. దానితో కోయాలేగాని పొడవకూడదు, ఎత్తకూడదు. తోతాపురి కాయ కోశావంటే సొన కత్తికి అంటుకుంటుంది. అలాగే మడిచి పెడితే మరుసటి రోజుకు తెరుచుకోదు. నీళ్లతో పోదు, కొబ్బరినూనె చుక్క వేసి గుడ్డతో తుడువు.

కత్తికన్నా నేను ఎక్కువ నమ్మేది సైకిల్ ట్యూబు ముక్క. నవ్వకు. పంచర్ అంగట్లో పాత ట్యూబు అడుగు, చాలాసార్లు ఊరికే ఇస్తారు. లారీ ట్యూబు వద్దు, మందం ఎక్కువ, సాగదు. నిలువుగా చీల్చి, లోపలి తెల్ల పొడి కడిగి, రెండు వేళ్ల వెడల్పున మూరెడు పొడవు ముక్కలు రెండు చేసుకో. చుట్టి పెడితే అగ్గిపెట్టెంత కూడా ఉండదు. అడ్డంగా కోసిన ఉంగరాలు నాలుగైదు కూడా ఉంచుకో, అవి గట్టి రబ్బరు బ్యాండ్లు.

డ్రిప్ పైపు పగిలి నీళ్లు చిమ్ముతోందనుకో. వాల్వు కట్టేసి, పైపు తుడిచి ఆరబెట్టు. పగులుకు బెత్తెడు ఇవతల నుంచి మొదలుపెట్టు. మొదటి చుట్టు దాని మీదికే వచ్చేట్టు వేసి బిగించు. ఆ తర్వాత ట్యూబును బాగా సాగదీస్తూ చుట్టు, వెడల్పు సగమయ్యేదాకా లాగు. ప్రతి చుట్టూ ముందు చుట్టులో సగాన్ని కప్పాలి. పగులు దాటి బెత్తెడు పోయి, మళ్లీ వెనక్కి చుట్టుకుంటూ రా. చివరి కొసను ఆఖరి చుట్టు కిందికి దూర్చి లాగెయ్. సాగిన రబ్బరు వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది, అదే పైపును నొక్కి పట్టుకుంటుంది. జిగురు అక్కర్లేదు, ఆరేదాకా ఆగే పనీ లేదు. చెట్లకు ఆ పూట నీళ్లు అందుతాయి. ఎండకు ఈ రబ్బరు బీటలు వారుతుంది కాబట్టి, అంగడి నుంచి జాయింటు తెచ్చి వేసుకోమని రైతుకు చెప్పి రావాలి. చెప్పకపోతే వచ్చే ఏడాది కూడా అదే కట్టు ఉంటుంది, మనవాళ్ల సంగతి నీకు తెలియందా?

చెట్ల వరస వెంట పరిచే సన్న డ్రిప్ పైపుకు, అదే లాటరల్‌కు, ఎలుక చిన్న కన్నం పెడితే ఇంత కూడా అక్కర్లేదు. వేప పుల్ల విరిచి, కత్తితో కొస సన్నగా చెక్కి, కన్నంలో గుచ్చి తిప్పి, మిగిలింది కోసెయ్. నీళ్లకు పుల్ల ఉబ్బి ఇంకా బిగుస్తుంది. పైపు చివర మూత ఊడిపోతే పైపును రెండు మడతలు వేసి ట్యూబు ఉంగరం తొడుగు.

పిన్నీసుల గురించి నీకు నేను చెప్పాలా? మీ అమ్మమ్మ తాళి దారానికి గుత్తిగా ఉండేవి. వాల్టర్ హంట్ అనే అమెరికా ఆయన 1849లో దానికి పేటెంటు తీసుకుని, అప్పు తీర్చుకోవడానికి 400 డాలర్లకు హక్కులు అమ్మేశాడట. పాపం. హవాయి చెప్పు పట్టా రంధ్రంలోంచి ఊడి వస్తుంటే, అడుగున బిరడా కింద పిన్నీసు గుచ్చితే ఇల్లు చేరుకోవచ్చు. పెద్దవి రెండు, చిన్నవి రెండు దుపట్టా అంచు లోపలివైపు గుచ్చి ఉంచు. జేబులో చోటు కూడా పట్టవు.

మీ తాత మొలతాడుకు ఒక ఇనుప రింగు ఉండేది, దానికి ముల్లు లాగే చిన్న పట్టకారు, చెవి పుల్ల. వక్కాకు తిత్తిలో అడకత్తెర. స్విస్ కత్తి ఆయన కంట పడలేదు, పడినా కొనేవాడు కాదు. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు గానీ, నా మాట విని పట్టకారుతోనే తియ్యి. కంప ముల్లు లోపల విరిగిందంటే చీము పడుతుంది. కొనేటప్పుడు పట్టకారు కొసలు కలిపి వెలుతురుకు పెట్టి చూడు, మధ్యలో సందు కనిపిస్తే ఇంకొకటి చూపించమను.

టార్చి చిన్నది, పెన్సిల్ సెల్ ఒకటి పట్టేది తీసుకో. ఛార్జింగ్‌ది వెలుతురు ఎక్కువే ఇస్తుంది, కానీ కుప్పం వైపు పల్లెలో సాయంత్రం అది ఆరిపోతే ఏం చేస్తావు? పెన్సిల్ సెల్ చిల్లర అంగట్లో కూడా దొరుకుతుంది. ఫోన్ లైటు ఉందిగా అంటావేమో. ఫోన్ అయిపోయిన రోజే చీకటి పడేది.

ఇప్పుడు నా ఇలాకా. కరెంటు ఉందో లేదో చూసే టెస్టర్ కొనుక్కో, టపారియా కంపెనీది చాలు. కానీ దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుసుకో. లోపల నియాన్ బల్బు, దాని వెనక పెద్ద రెసిస్టెన్స్ ఉంటాయి. అందుకే పైన వేలు పెట్టినా నీ ఒంట్లోంచి పోయే కరెంటు నీకు తెలియనంత తక్కువ. అది వెలిగితే కరెంటు ఉన్నట్టే. వెలగకపోతే లేనట్టు కాదు. ఎండలో ఆ చిన్న వెలుగు కనిపించకపోవచ్చు, బల్బు పోయి ఉండొచ్చు, నీ కాళ్ల కింద ఎండిన చెక్క ఉండొచ్చు. వాడేముందు కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో ఒకసారి పెట్టి చూడాలి, వాడాక మళ్లీ చూడాలి. దానితో స్క్రూలు తిప్పొద్దు. అది థర్మామీటర్‌తో కాఫీ కలపడం లాంటిది. స్క్రూలకు వేరే చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, రెండో నంబరుది, డిక్కీలో పెట్టుకో. కటింగ్ ప్లేయర్, ఇన్సులేషన్ టేపు, పగుళ్లు పూడ్చే ముద్ద ఎం-సీల్ కూడా అక్కడే.

రైతు మోటారు స్టార్టర్ పెట్టె తెరిచి "అమ్మా, ఒకసారి చూడు" అంటాడు. చూడొద్దు. ఇంట్లో 230 వోల్టులు, అక్కడ మూడు ఫేజుల మధ్య 415. తడి నేల, చెప్పుల్లేని కాళ్లు. జేబులో టెస్టర్ ఉందనే ధైర్యంతో చేయి పెట్టినవాళ్ల ఇళ్లకు నేను పలకరింపుకు పోయాను. లైన్‌మన్‌కో మెకానిక్‌కో ఫోన్ చెయ్యి, నాకు చేసినా సరే. అడవి పందుల కోసమని కొందరు చేల చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ లాగుతున్నారు. గట్టు మీద ఏ తీగ కనిపించినా దాటొద్దు, చుట్టు తిరిగి పో. ట్యూబు ముక్కతో, టేపుతో సర్దకూడనివి ఇంకా రెండున్నాయి: గ్యాసు గొట్టం, స్కూటర్ బ్రేకు. తోసుకుంటూ అయినా అంగడికి పో.

టేపు కొలత కొనాలా అని కూడా అడిగావు. మూడు మీటర్లది డిక్కీలో ఉండనీ. ముందు నీ జాన ఎన్ని సెంటీమీటర్లో స్కేలు మీద కొలిచి గుర్తుపెట్టుకో. మూర, అడుగు కూడా. అవి ఇంట్లో మరిచిపోయే వస్తువులు కావు.

రేణిగుంటలో విమానం ఎక్కేరోజు కత్తి, స్క్రూడ్రైవర్, ప్లేయర్ చెకిన్ బ్యాగులో పెట్టు. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. లైటర్ అసలే వద్దు. కొండకు పోయేరోజు అలిపిరిలో సంచులన్నీ స్కానింగ్ చేస్తారు, అక్కడ కత్తి గురించి సంజాయిషీ చెప్పుకుంటూ నిలబడటం ఎందుకు? వచ్చే నెల మొక్కు తీర్చుకోవాలన్నావుగా. చిత్తూరు నుంచి రైలులో వస్తే పాకాల మీదుగానే కదా, దిగి కత్తి నాకిచ్చి పో. నువ్వు దర్శనం చేసుకుని వచ్చేలోపు సాన పెట్టి ఉంచుతాను. జేబులు పెట్టించాల్సిన చుడీదార్లు కూడా తెచ్చుకో. మీ అత్తకు తెలిసిన టైలరమ్మ ఉంది, మడత కుట్టు బాగా వేస్తుంది.

ఇట్లు,
మీ మామ