సూది ఒక్కటే చాలదు, కంచం కూడా చూసుకో

చి. నానికి,
పిన్ని దీవెనలు.

ఇన్సులిన్ మొదలుపెట్టారని అమ్మ చెప్పింది. దానికి నేనేం కంగారుపడలేదు. షుగర్ తగ్గాలని రాత్రిపూట తిండి మానేస్తున్నావని చెప్పినప్పుడే టెన్షన్ వచ్చింది.

ఇన్సులిన్ అనగానే అందరికీ చక్కెరే గుర్తొస్తుంది. ఒంట్లో ప్రోటీన్ కరిగిపోకుండా చూసేదీ అదే. అది చాలకపోతే కండలోని ప్రోటీన్ అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. లివర్ వాటితో గ్లూకోజ్ తయారుచేస్తుంది, మిగిలిన నత్రజని యూరియాగా మారి మూత్రంలో పోతుంది. రాత్రి పస్తున్నా పొద్దున షుగర్ ఎక్కువ చూపించడానికి ఇదీ ఒక కారణం. ఈ ఆర్నెల్లలో నీ ప్యాంట్లు తొడల దగ్గర వదులైపోయింది అందుకే.

ఇన్సులిన్ రాకముందు పస్తులే వైద్యం. 1922 జనవరిలో టొరంటోలో మొదటి సూది పడ్డ లెనార్డ్ థాంప్సన్‌కి 14 ఏళ్ళు, బరువు 30 కిలోలు కూడా లేదు. ఆ రోజులు పోయాయి, నువ్వెందుకురా ఇప్పుడు పస్తులుండడం? పైగా సూది వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది.

సూదితో కండ కరగడం తగ్గుతుంది. అంతమాత్రాన పోయిన కండ తిరిగి రాదు. అది రావాలంటే తిండిలో ప్రోటీన్ ఉండాలి. మనవాళ్ళు కంచం నిండా అన్నం పెట్టుకుని, దాని మీద పలచటి చారు పోసుకుని పప్పు తిన్నామనుకుంటారు! హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. నీ 60 కిలోలకి 50 గ్రాములన్నమాట. గుడ్డులో ఉండేది ఆరే. కాబట్టి పొద్దున పెసరట్టు (ఉప్మా లేకుండా), మధ్యాహ్నం ముద్దపప్పు, పెరుగు, రాత్రి గుడ్లో చేపో, ఇలా మూడు పూటలకీ పంచుకో. అన్నం ఒకేసారి బాగా తగ్గించేస్తే డోసు ఎక్కువైపోవచ్చు, డాక్టర్‌ని అడిగి మార్చు.

నడక మంచిదే గానీ కండకి చాలదు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చో, పదిసార్లు. వణుకు, చెమట వస్తే ఆపేసి షుగర్ చూసుకో. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగు. అప్పుడు గుడ్డు, పల్లీలు పనికిరావు, వాటితో షుగర్ త్వరగా పైకి రాదు.

సూది మొదలయ్యాక రెండు కిలోలు పెరిగినా భయపడి డోసు నీ అంతట నువ్వు తగ్గించకు. అందులో తిరిగొచ్చిన కండ, నీరు కూడా ఉంటాయి. నడుము చుట్టుకొలత పెరుగుతోందా, అది చూసుకో.

ప్రోటీన్ పౌడర్ డబ్బా మాత్రం ఇప్పుడే కొనకు. ముందు కిడ్నీ పరీక్షలు, అంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చేయించు. కిడ్నీలో తేడా ఉంటే పైన రాసిన లెక్కలు పక్కన పెట్టి డాక్టర్ చెప్పినంతే తిను. రిపోర్టులు రాగానే ఫోటో తీసి నాకు పంపు.

— పిన్ని