తెరిచి ఉంచిన చోటు చూడండి

ప్రశ్న: ఫాంటసీ సినిమాల్లో సైన్యమంతా తల నుంచి కాలి దాకా ఇనుములో ఉంటుంది. హీరో మాత్రం తలకు ఏమీ లేకుండా, సగం ఛాతీ కనిపించేలా యుద్ధంలోకి దూకుతాడు. "వాడికి బాణం తగలదా అమ్మా?" అని మా అమ్మాయి అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఇదంతా ముఖం చూపించడం కోసమేనా, కవచం వెనక వేరే ఆలోచన కూడా ఉంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మాయి అడగాల్సిందే అడిగింది. పద్దెనిమిదేళ్లుగా సినిమాలకు కవచాలు తయారుచేస్తున్నాను. కొత్త పాత్ర స్కెచ్ నా బల్ల మీదికి రాగానే నేను మొదట అడిగేదీ అదే: ఇతనికి బాణం ఎక్కడ తగులుతుంది? కప్పిన చోటు చూస్తే అతని పనేమిటో తెలుస్తుంది. తెరిచి ఉంచిన చోటు చూస్తే మనిషి తెలుస్తాడు.

ముఖం కోసం అన్నమాట నిజమే. శిరస్త్రాణం పెడితే నటుడి కళ్లు కనబడవు, కళ్లు కనబడకపోతే సీను పోతుంది. అసలు యుద్ధంలో అయితే అన్నిటికన్నా ముందు కాపాడుకోవాల్సింది తలనే. మంచి దర్శకులు ఈ ఇబ్బందినే కథకు వాడుకుంటారు. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మూడో భాగంలో (2003) ఎయోవిన్ అనే యువతి మగవేషంలో యుద్ధానికి వస్తుంది. శిరస్త్రాణం ఉన్నంతసేపూ ఆమె ఆ సేనలో ఒక సైనికుడు, అంతే. ఏ మగవాడూ తనను చంపలేడని చెప్పిన శత్రువు ఎదుట దాన్ని తీసేసి, తాను మగవాడిని కాదని చెప్పి, అప్పుడు కత్తి దింపుతుంది. ఆ సీను ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇక పని సంగతి. విలుకాడికి బరువైన భుజకవచం తొడిగితే అతను విల్లు లాగలేడు. అందుకే భుజాలు వదిలేస్తాం. విల్లు పట్టుకున్న చేతికి మాత్రం, లోపలివైపు తోలు పట్టీ కావాలి, ఎందుకంటే వదిలిన నారి వచ్చి అక్కడే చరుస్తుంది. రెండు చేతులకూ ఒకేలాంటి పట్టీలు కనబడితే అది అందం కోసం పెట్టిందని నాకు వెంటనే అర్థమవుతుంది. గుర్రపు రౌతుకు తొడల లోపలివైపు ఖాళీగా ఉంచుతారు, లేకపోతే జీను మీద పట్టు దొరకదు. అతన్ని గుర్రం మీంచి కిందపడేస్తే ఆ ఖాళీయే అతని ప్రాణం మీదికి తెస్తుంది. కథ రాసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

ఈ కిటుకు మన మహాభారతంలోనే ఉంది. ద్రోణుడు మంత్రించి కట్టిన కవచంతో దుర్యోధనుడు అర్జునుడి మీదికి వస్తాడు. బాణాలు పనిచేయవు. అది గురువుగారి కవచమని అర్జునుడు గుర్తుపడతాడు, దుర్యోధనుడికి దాన్ని ధరించి ఎలా పోరాడాలో తెలియదనీ గ్రహిస్తాడు. చివరికి కవచం కప్పని అరచేతుల మీద కొడతాడు. అరువు కవచంలో ఉన్న మనిషి అలా దొరికిపోయాడు. కర్ణుడిది ఇంకో దారి. పుట్టుకతో వచ్చిన కవచాన్ని ఒంటి నుంచి కోసి ఇచ్చేశాడు. అతనెలాంటివాడో చెప్పడానికి ఆ ఒక్క పని చాలు.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక సినిమాలో ముసలి సేనాని పాత్రకు ఫైబర్‌తో ఛాతీ పలక చేసి, ఇత్తడి రంగు వేశాం. ఎంతో మురిసిపోయాను. నటుడు తొడుక్కుని అద్దంలో చూసుకుని, "ఇది నిన్ననే కుట్టించినట్టుందమ్మా. నేను ముప్పై ఏళ్లుగా యుద్ధాలు చేస్తున్నవాణ్ణి కదా" అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ రాత్రంతా కూర్చున్నాం. ఎడమ భుజం పలక తీసేసి, చనిపోయిన స్నేహితుడిది తెచ్చి బిగించుకున్నట్టు వేరే రంగు పలక పెట్టాం. సొట్టలు కూడా ఎక్కువగా ఎడమవైపే కొట్టాం, కుడిచేతి వాటం శత్రువు దెబ్బలు అటే పడతాయి కాబట్టి. తోలు నాడాల్లో ఒక్కటి మాత్రం కొత్తది. మర్నాడు ఆయన ఆ ఎడమ భుజాన్ని కొంచెం ముందుకు వంచి నడిచారు. అలా నడవమని ఎవరూ చెప్పలేదు.

ఆ పలక ఆలోచన నాకు 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదటి భాగం (2001) నుంచే వచ్చింది. బోరోమిర్ అనే యోధుడు చనిపోయాక అతని సహచరుడు అరగార్న్ అతని ముంజేతి కవచాలు తీసి తను కట్టుకుంటాడు. తర్వాతి భాగాల్లోనూ అవి అతని చేతులకే ఉంటాయి. వాటి గురించి ఎవరూ ఒక్క డైలాగ్ కూడా చెప్పరు.

కాబట్టి మీ అమ్మాయితో, "తగులుతుంది. ఎక్కడ తగులుతుందో నువ్వే వెతుకు" అనండి.

ప్రశ్న: ముగ్గురు యోధులతో షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. డబ్బు తక్కువ. కవచాలు చూస్తే నవ్వు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థి

జవాబు: నిజమైన గొలుసు కవచం పది కిలోల దాకా ఉంటుంది, ఎలాగూ మీకు అది వద్దు. ఇందాక చెప్పిన 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' సినిమాల్లోనే గొలుసు కవచాలు చాలావరకు ప్లాస్టిక్ పైపును ఉంగరాలుగా కోసి, చేత్తో ఒక్కొక్కటే కలిపి చేసినవి. ముగ్గురికీ పూర్తి కవచాలు చేయకండి. ఒక్కొక్కరికి ఒక్క వస్తువు మంచిది చేయండి: ఒకరికి భుజం పలక, ఒకరికి ముంజేతి పట్టీ, ఒకరికి నడుము బెల్టు. గొలుసు కవచం వేస్తే బెల్టు తప్పకుండా బిగించండి. అప్పుడు బరువు కొంత భుజాల నుంచి నడుముకు దిగినట్టు కనిపిస్తుంది, నటుడూ నిటారుగా నిలబడతాడు.

షూటింగ్‌కు వారం ముందే వాళ్లకు అవి తొడిగి ఒక గంట తిరగనివ్వండి, కూర్చోనివ్వండి, మెట్లు ఎక్కనివ్వండి. చేయి పైకి లేవకపోతే చంక దగ్గర ఆ రోజే కోసేయండి.