‘స్టార్టిల్’ అంటే ఉలిక్కిపడటమా, ఆశ్చర్యపోవడమా? వాడేదెలా?

మీ ప్రశ్న ఇది: స్టార్టిల్, సర్‌ప్రైజ్, షాక్, అస్టానిష్ నాలుగింటికీ నిఘంటువులో ‘ఆశ్చర్యపరచు’ అనే ఉంది. వీటిలో స్టార్టిల్‌ను విడిగా ఎలా గుర్తుపెట్టుకోవాలి, వాక్యంలో ఎలా పెట్టాలి?

ముందు ఆ ‘ఆశ్చర్యపరచు’ అనే అర్థాన్ని కొట్టేసి, ‘ఉలిక్కిపడేలా చేయు’ అని రాసుకోండి. చిక్కు సగం అక్కడే తీరిపోతుంది. ఆశ్చర్యపోవాలంటే విషయం బుర్రకెక్కాలి. ఉలిక్కిపడటానికి ఆ అవసరం లేదు, ఒళ్ళే ముందు అదురుతుంది. ఏం జరిగిందో తెలిసేలోపే కళ్ళు టక్కున మూసుకుంటాయి, భుజాలు పైకి లేస్తాయి. ఇదంతా కొన్ని పదుల మిల్లీసెకన్లలో మొదలైపోతుంది. వైద్యులు దీన్నే స్టార్టిల్ రిఫ్లెక్స్ అంటారు. పక్కన గిన్నె కిందపడితే నెలల పసికందు రెండు చేతులూ బార్లా చాపి, మళ్ళీ దగ్గరికి లాక్కోవడం చూసే ఉంటారు. 1918లో దాన్ని వివరించిన ఎర్న్‌స్ట్ మోరో అనే పిల్లల వైద్యుడి పేరుతో దాన్ని మోరో రిఫ్లెక్స్ అంటారు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల వయసులో అది తగ్గిపోతుంది. స్టార్టిల్ అనగానే ఆ పసిబిడ్డ చేతులు కళ్ళ ముందు మెదిలితే చాలు, అర్థాన్ని బట్టీ పట్టే పనే ఉండదు.

పక్షులకూ ఇదే మాట. జొన్నచేలో మంచె మీద నుంచి డబ్బా వాయిస్తే పిట్టలు ఒక్కసారిగా లేచిపోతాయి కదా, ‘ద నాయిజ్ స్టార్టిల్డ్ ద బర్డ్స్’ అంటే అదే. అక్కడ ఆశ్చర్యం అని రాస్తే నవ్వులాటగా ఉంటుంది.

ఇప్పుడు మనవాళ్ళు ఎక్కువగా తప్పు చేసే చోటు. తెలుగులో ‘నేను ఉలిక్కిపడ్డాను’ అంటాం. కర్త నేనే, కర్మ లేదు. ఆ వరసలోనే ఇంగ్లీషులో ‘ఐ స్టార్టిల్డ్’ అని రాసేస్తారు. కానీ స్టార్టిల్ మామూలుగా సకర్మక క్రియ. చప్పుడు నన్ను ఉలిక్కిపడేలా చేస్తుంది. అందుకని ‘ద సౌండ్ స్టార్టిల్డ్ మి’ అనాలి, లేదా ‘ఐ వాజ్ స్టార్టిల్డ్ బై ద సౌండ్’ అనాలి. వెనక నుంచి ఎవరైనా చడీచప్పుడు లేకుండా వచ్చి పలకరిస్తే ‘యు స్టార్టిల్డ్ మి!’ అంటారు. కేంబ్రిడ్జ్ నిఘంటువులో ఈ క్రియ పక్కన టి అనే అక్షరం కనిపిస్తుంది, కర్మ కావాలనడానికి అది గుర్తు. కొత్త క్రియ ఏది నేర్చుకున్నా అర్థం కంటే ముందు ఆ అక్షరం చూడటం అలవాటు చేసుకోండి. ‘షి స్టార్టిల్స్ ఈజీలీ’ లాంటి వాక్యం కూడా ఉంది, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడే మనిషి అని. అది స్వభావం గురించి చెప్పేది. జరిగిన ఒక సంఘటన చెప్పేటప్పుడు ‘వాజ్ స్టార్టిల్డ్’ రాస్తే ఎక్కడా తప్పు పోదు.

రెండో తప్పు చివరి ముక్కలో. ఉలిక్కిపడ్డ మనిషి స్టార్టిల్డ్, ఉలిక్కిపడేలా చేసినది స్టార్టిలింగ్ కాదు, స్టార్ట్‌లింగ్. రాసేటప్పుడు చివరి ‘ఇ’ పోతుంది. అయితే ఈ స్టార్ట్‌లింగ్‌కు కొంచెం విస్తృతి ఎక్కువ. ‘స్టార్ట్‌లింగ్ ఫ్యాక్ట్’ అంటే ఒళ్ళు అదరనక్కర్లేదు, విన్నవాళ్ళు ఒక్క క్షణం ఆగిపోయేంత అనూహ్యమైన నిజం. ఉలిక్కిపాటుకూ ఆశ్చర్యానికీ మధ్య మూల క్రియ దగ్గర ఉన్న గీత ఇక్కడ చెరిగిపోతుంది, అది గమనించండి.

తీవ్రత విషయానికొస్తే, స్టార్టిల్ క్షణికం, స్వల్పం. ఉలిక్కిపడి, అది పిల్లి అని చూసి ఊపిరి పీల్చుకుంటే అంతటితో అయిపోయింది. హడలిపోతే అది టెరిఫైడ్. మాట రాక అవాక్కయితే డంబ్‌ఫౌండెడ్. ఎదుటివాడి మాటకో ప్రవర్తనకో కంగుతింటే టేకెన్ అబ్యాక్. గాలి ఎదురుగా కొట్టి తెరచాపలు స్తంభానికి అతుక్కుపోయి ఓడ ఆగిపోవడాన్ని నావికులు అలా అనేవారు, అక్కడి నుంచి వచ్చింది. నివ్వెరపోవడానికి అస్టానిష్ బాగా సరిపోతుంది. దాని వేరు లాటిన్‌లో ఉరుముకు సంబంధించినది. మనకు ‘నెత్తిన పిడుగు పడ్డట్టు’ ఉండనే ఉంది కాబట్టి గుర్తుండటం తేలిక.

షాక్‌తో మాత్రం జాగ్రత్త. పేపర్లో ‘దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు’ అని వచ్చేది షాక్, స్టార్టిల్ ఎప్పటికీ కాదు. ‘నేను షాక్ అయ్యాను’ను ‘ఐ గాట్ షాక్డ్’ అంటే వినేవాళ్ళకు కరెంటు కొట్టిందేమో అనిపించవచ్చు. ‘ఐ వాజ్ షాక్డ్’ అనండి. ఆసుపత్రిలో ‘ద పేషెంట్ వెంట్ ఇన్‌టు షాక్’ అంటే రోగి ఆశ్చర్యపోయాడని కాదు, శరీరానికి రక్త ప్రసరణ చాలక ప్రాణం మీదికి వచ్చిందని. ఇంట్లోవాళ్ళు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఈ తేడా తెలిసి ఉండటం చాలా అవసరం.

మాట నిలవాలంటే అర్థం పది సార్లు రాయడం వల్ల లాభం లేదు. నోట్‌బుక్‌లో ఒక పేజీకి ఒకే మాట. పైన తెలుగు క్రియ, కింద మీ ఇంట్లో నిజంగా జరిగిన మూడు సంగతులు మూడు వాక్యాలు: కుక్కర్ విజిల్, నడిరాత్రి ఫోన్, తలుపు దబ్బున పడటం. మూడింటిలో ఒకటి ‘స్టార్టిల్డ్ మి’ అని, ఒకటి ‘వాజ్ స్టార్టిల్డ్ బై’ అని, ఒకటి ‘వాజ్ స్టార్టిల్డ్ టు సీ’ లేక ‘టు హియర్’ అని ఉండాలి. మర్నాడు తెలుగు వైపు మాత్రమే చూసి ఇంగ్లీషు వాక్యం పైకి చెప్పండి. తర్వాత మూడు రోజులకు, వారానికి, నెలకు అలాగే. ఎక్కడ తడబడితే ఆ మాటను మళ్ళీ మర్నాటి వంతులో వేయండి. స్టార్టిల్‌ను పలికేటప్పుడు చివర బాటిల్, లిటిల్ లాగే.

పోటీ పరీక్షలో పర్యాయపదం అడిగితే ఇంత సన్నని తేడా చూడరు. అలార్మ్, ఫ్రైటెన్, సర్‌ప్రైజ్‌లలో ఏది ఇచ్చినా అదే పెట్టేయండి. అలార్మ్, సర్‌ప్రైజ్ రెండూ కలిసి ఇస్తే పక్కనున్న వాక్యంలో చప్పుడో, హఠాత్తు కదలికో ఉందేమో చూడండి. ఉంటే అలార్మ్ వైపు మొగ్గండి. వ్యతిరేకపదం సాధారణంగా కామ్ లేదా సూద్.