3.40 లక్షల ఎస్టిమేటు మీద సంతకం పెట్టే ముందు

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. 2021 మోడల్ బీఎస్-6 ట్రైలర్ లారీని రెండేళ్ళ క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నెల కిస్తీ 62,000 రూపాయలు, ఇంకా 26 కిస్తీలు ఉన్నాయి. మొదట్లో కరీంనగర్ క్వారీల నుంచి కాకినాడ పోర్టుకు గ్రానైట్ తోలేవాళ్ళం. నిరుటి నుంచి మిల్లుల బియ్యం దగ్గరి గోదాములకు తోలుతున్నాం. అయిదు నెలల్లో నాలుగుసార్లు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలిగింది. ఒకసారి పికప్ పూర్తిగా పడిపోయి పరకాల దగ్గర బండి ఆగిపోయింది. నాలుగుసార్లు కంప్యూటర్ పెట్టి మసి కాల్పించినందుకు 28,000, ఫిల్టర్ కడిగించినందుకు 32,000, బండి లాగించినందుకు 18,000 అయ్యాయి. మొత్తం 19 రోజులు బండి నిలబడింది. కంపెనీ వర్క్‌షాప్‌లో 3.40 లక్షల ఎస్టిమేటు ఇచ్చారు: కొత్త ఫిల్టర్ 1.90 లక్షలు, ఆరు ఇంజెక్టర్లు 96,000, ఈజీఆర్ (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) 30,000, సెన్సార్లూ కూలీ కలిపి 24,000. మా బావమరిది మాత్రం 60,000కు ఫిల్టరే తీసేసే మెకానిక్ ఉన్నాడంటున్నాడు. బండి సరిగా తిరిగిన నెలలో అన్ని ఖర్చులూ పోను కిస్తీకి ముందు 1,05,000 మిగులుతాయి. లక్షకు ఒకటి, 80,000కు ఒకటి ఎఫ్‌డీలు ఉన్నాయి. 5 లక్షల చిట్టీ 25 నెలలకు 14 నెలలు కట్టాను, ఇంకా పాడలేదు. ఇంట్లో 8 తులాల బంగారం ఉంది. రెండు నెలలు కిస్తీ ఆపి రిపేరు చేయించమంటారా, చిట్టీ పాడమంటారా, ఫిల్టర్ తీసేయించమంటారా?

జవాబు: మీరు ఉత్తరంలో రాయని ఒక లెక్కతో మొదలుపెడతాను. మీ నెల మిగులు 1,05,000ను 25 పని దినాలకు పంచితే రోజుకు 4,200 వస్తుంది. బండి నిలబడిన 19 రోజులకు అది 79,800 రూపాయలు. దానికి మీరు చేతి నుంచి పెట్టిన 78,000 కలిపితే అయిదు నెలల్లో ఈ మసికి మీరు కట్టింది 1,57,800, అంటే నెలకు 31,500 పైచిలుకు. ఇది దాదాపు సగం కిస్తీ. కాబట్టి 3.40 లక్షలు పెట్టాలా వద్దా అన్న ప్రశ్న కంటే, పెట్టే డబ్బుతో ఈ నెలవారీ నష్టం ఆగుతుందా లేదా అన్న ప్రశ్న ముందు తేలాలి. ఇప్పటిదాకా పెట్టిన ఏ ఖర్చూ దాన్ని ఆపలేదు.

ఎందుకు ఆపలేదో చూద్దాం. లాంతరు చిమ్నీకి మసి పట్టినప్పుడు గాజు తుడవడం ఒక పని, వత్తి సరిచేయడం మరొక పని. మీరు నాలుగుసార్లు గాజు తుడిపించారు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 కాలుష్య నిబంధనల ప్రకారం తయారైన మీ బండిలో, పొగగొట్టం దారిలోని డీపీఎఫ్ ఫిల్టర్ మసిని పట్టి ఉంచి, సుమారు 600 డిగ్రీల వేడి దగ్గర కాల్చివేస్తుంది. ఇంజన్ మామూలుగా విడిచే మసికి ఆ ఏర్పాటు సరిపోతుంది. మామూలుకు మించి మసి వస్తున్నా, కాలేంత వేడి అందకపోయినా ఫిల్టర్ నిండిపోతుంది. మసి ఎక్కువ రావడానికి కారణాలు సాధారణంగా ఫిల్టర్‌కు ముందే ఉంటాయి: డీజిల్ కారుతున్న ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది), తెరుచుకుని ఇరుక్కుపోయిన ఈజీఆర్ వాల్వ్, నూనె వదులుతున్న టర్బో (ఇంజన్‌లోకి గాలిని నెట్టేది), మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, పగిలి గాలి పోతున్న ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లార్చేది) హోస్. ఈ చివరిదాని ఖరీదు మిగతావాటితో పోలిస్తే లెక్కలోకి రాదు. అయినా దాని పగులు కనిపెట్టకపోతే లక్షల ఖరీదు చేసే కొత్త ఫిల్టర్ కూడా కొన్ని నెలల్లో మళ్ళీ నిండుతుంది.

వేడి అందకపోవడం మీ విషయంలో నాకు బలంగా కనిపిస్తున్న అనుమానం. గ్రానైట్ బరువుతో గంటల తరబడి హైవే మీద నడిచినప్పుడు ఫిల్టర్ దానంతట అదే శుభ్రపడింది. ఇప్పుడు మిల్లు నుంచి గోదాముకు దగ్గరి ట్రిప్పు, గోదాము ముందు వరుసలో ఇంజన్ ఆన్‌లోనే ఉంచి అడుగడుగునా జరపడం, మసి కాలడం మొదలవగానే అన్‌లోడింగ్ వచ్చిందని డ్రైవర్ తాళం తిప్పేయడం. ఇలా మధ్యలో ఆగిన ప్రతిసారీ మసి అక్కడే ఉండిపోతుంది. కొన్ని ఇంజన్లలో అయితే మసి కాల్చడం కోసం చిమ్మిన డీజిల్ ఇంజనాయిల్‌లో కలుస్తుంది కూడా. డిప్‌స్టిక్ మీద నూనె మట్టం తగ్గకుండా పెరుగుతూ ఉంటే సంతోషించకండి, అది డీజిల్ కలిసిందనడానికి గుర్తు. ఇరుసుకు గ్రీజు ఎంత అవసరమో డ్రైవర్‌కు డీపీఎఫ్ లైటు సంగతి నేర్పడం కూడా అంతే అవసరం, దానికి ఖర్చు కూడా లేదు.

బావమరిది గారి సలహా గురించి. ఆయన మీ మేలు కోరే చెప్పి ఉంటారు. అయితే మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం యజమాని బండిలో అక్రమంగా మార్పులు చేయిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించిన బండి నడిపితే 190(2) కింద మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ, వాటితో పాటు మూడు నెలల లైసెన్సు అనర్హత ఉన్నాయి. నిజానికి ఆర్థిక సలహాదారుగా నాకు ఆ జరిమానాల కంటే పెద్ద భయం వేరే ఉంది. ఫిల్టర్ తీసేస్తే లైటు ఆరిపోతుంది, కానీ ఇంజెక్టర్ కారడం ఆగదు. కారే డీజిల్ సిలిండర్ గోడల మీది నూనెను కడిగేస్తుంది, మసి ఇంజనాయిల్‌ను చిక్కబరుస్తుంది, ఆ నూనె మీదే మీ టర్బో తిరుగుతుంది. మిమ్మల్ని హెచ్చరించే ఒకే ఒక్క లైటును 60,000 ఇచ్చి ఆర్పించుకుని, ఏడాది తరువాత ఇంజన్ బోరు పనికి (అరిగిన సిలిండర్లను సరిచేయడానికి) డబ్బు వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఆ బండిని మళ్ళీ అమ్మబోయినప్పుడు కొనేవాడు మొదట చూసేదీ ఫిల్టర్ ఉందా లేదా అన్నదే.

అలాగని వర్క్‌షాప్ ఇచ్చిన 3.40 లక్షల కాగితం మీద కూడా ఇప్పుడే సంతకం చేయకండి. ఆరు ఇంజెక్టర్లూ ఒకేసారి పాడయ్యాయని ఎస్టిమేటు చెబుతోంది గాని, ఏ పరీక్షలో తేలిందో చెప్పడం లేదు. ముందు పరీక్షలకు మాత్రమే జాబ్ కార్డు (చేయాల్సిన పని రాసే వర్క్‌షాప్ కాగితం) రాయించండి. ఇంటర్‌కూలర్ గొట్టాల్లోకి గాలి ఒత్తిడి పెట్టి కీళ్ళ దగ్గర సబ్బునీళ్ళు పూస్తే పగులు ఉన్న చోట బుడగలు లేస్తాయి. ఇంజన్ నిర్మాణం వీలిస్తే ప్రతి ఇంజెక్టర్ రిటర్న్ పైపుకూ ఒక చిన్న సీసా కట్టి కొద్ది నిమిషాలు ఇంజన్ నడుపుతారు. ఆరు సీసాలను వరుసగా పెట్టినప్పుడు నాలుగింటిలో వేలెడు డీజిల్, రెండింటిలో జానెడు డీజిల్ ఉంటే ఏ రెండు ఇంజెక్టర్లు మార్చాలో మీకే కనిపిస్తుంది. ఎస్టిమేటు ప్రకారం ఒక్కొక్కటి 16,000 కాబట్టి అక్కడే 64,000 మిగులుతుంది. వీలు కాని ఇంజన్లలో స్కానర్ మీద సిలిండర్ల మధ్య తేడా చూడవచ్చు. ఫిల్టర్‌కు ముందూ వెనుకా ఉన్న ఒత్తిడి తేడాను కొలిచే సెన్సార్‌నూ, దానికి వెళ్ళే సన్నని గొట్టాలనూ కూడా చూడమనండి. ఆ గొట్టం మూసుకుపోయినా ఫిల్టర్ నిండిందన్న తప్పుడు లైటే వెలుగుతుంది.

కారణం సరిచేసిన తరువాతే ఫిల్టర్ వంతు. మసి కాలుతుంది గాని ఇంజనాయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు. దాన్ని ఫిల్టర్ విప్పి బయటికి ఊదించాల్సిందే. మీరు 32,000 పెట్టి కడిగించినప్పుడు ముందు ఒత్తిడి ఎంత, తరువాత ఎంత అని కాగితం ఇచ్చారా? ఇవ్వకపోతే ఆ పని జరిగిందో లేదో తెలుసుకునే దారి మీకు లేదు. ఈసారి రెండు రీడింగులూ ప్రింటు తీసి ఇమ్మని అడగండి. శుభ్రం చేసిన తరువాత కూడా రీడింగ్ దిగకపోతే కొత్త ఫిల్టర్ కొనండి, అప్పుడది న్యాయమైన ఖర్చు. ఇంజనాయిల్ కూడా డీపీఎఫ్ బండ్లకు సరిపడే తక్కువ బూడిద రకాన్నే, మీ కంపెనీ పుస్తకంలో ఉన్న గ్రేడునే వాడండి. డబ్బాకు కొన్ని వందలు మిగులుతాయని వేరేది పోస్తే ఆ మిగులు ఫిల్టర్‌లో బూడిదగా పేరుకుంటుంది.

ఇంకొక సంగతి. మీ ఉత్తరంలో వారంటీ ఊసే లేదు. పెద్ద లారీల ఇంజన్ భాగాలకు కొన్ని కంపెనీలు ఆరేళ్ళు లేదా ఆరు లక్షల కిలోమీటర్ల దాకా వారంటీ ఇస్తాయి. సెకండ్ హ్యాండ్ కొన్నవారు దాన్ని అడగడమే మరిచిపోతారు. ఛాసిస్ నంబరు, పాత సర్వీసు రికార్డు తీసుకుని వెళ్ళి, మీ బండికి ఏది మిగిలి ఉందో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోవద్దు. మామూలు మోటారు పాలసీ ప్రమాదానికి వర్తిస్తుంది గాని, అరుగుదలకూ యాంత్రిక లోపానికీ వర్తించదు.

ఇక డబ్బు. కొత్త ఫిల్టర్ లేకుండా మిగిలినవన్నీ చేయించి, ఫిల్టర్‌ను మళ్ళీ శుభ్రం చేయిస్తే గరిష్ఠంగా 96,000, 30,000, 24,000, 32,000 కలిపి 1,82,000. లక్ష రూపాయల ఎఫ్‌డీని తీసేయండి. 80,000 ఎఫ్‌డీని ముట్టకండి, అది మీకు ఒక కిస్తీకి మించిన రక్షణ. తక్కువ పడే 82,000కు బ్యాంకులో బంగారం మీద, ఆ మేరకే తూకం పెట్టి, అప్పు తీసుకోండి. వడ్డీ సాలుకు 11 శాతం అనుకున్నా, నెలకు 11,000 చొప్పున కడితే ఎనిమిది నెలల్లో అసలూ వడ్డీ తీరిపోతాయి. బండి నిలబడకుండా తిరిగితే ఇప్పుడు నెలనెలా పోతున్న 31,500లో మూడో వంతుకు కాస్త ఎక్కువే ఇందుకు సరిపోతుంది. మీ శ్రీమతిని అడిగి, కాగితం చూపించి చేయండి. నగ ఆమెది.

చిట్టీ పాడటం ఇప్పుడు వద్దు. ఇంకా 11 నెలలు ఉండగా పాడితే, ఉదాహరణకు పాట 65,000 దాకా వెళితే, చేతికి 4,35,000 వస్తాయి. మీకు కావలసింది 82,000. దాని కోసం 65,000 వదులుకోవడం, పైగా జామీనుదార్లను వెతుక్కోవడం లాభసాటి కాదు. ఒకవేళ ఫిల్టర్ కూడా కొనాల్సి వచ్చి మరో 1.90 లక్షలు అవసరమైనా, సాలుకు 11 శాతం చొప్పున ఏడాది వడ్డీ 20,900 మాత్రమే. బంగారం ఆ మొత్తానికి చాలకపోతే అప్పుడు చిట్టీ సంగతి చూడవచ్చు. బండి ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే టాప్-అప్ (పాత అప్పు మీదే అదనపు అప్పు) చివరి దారి, ఎందుకంటే అది మీ 26 కిస్తీల లెక్కను మళ్ళీ పొడిగిస్తుంది.

కిస్తీ ఆపే ఆలోచన మానుకోండి. గడువు దాటిన మరునాటి నుంచే ఖాతా ఎస్‌ఎంఏ-0 (బాకీ మొండిబారవచ్చన్న హెచ్చరికల్లో మొదటి మెట్టు) అవుతుంది, 30 రోజులు దాటితే ఎస్‌ఎంఏ-1, 60 దాటితే ఎస్‌ఎంఏ-2, 90 దాటితే మొండి బాకీ. రెండు కిస్తీలంటే మూడో మెట్టు ముందు నిలబడటమే. రేపు ఏ బ్యాంకుకు వెళ్ళినా అది కనిపిస్తుంది. నిజంగానే ఒక నెల గట్టెక్కదనిపిస్తే గడువు తేదీకి ముందే కంపెనీకి రాసి అడగండి.

పన్ను సంగతి క్లుప్తంగా: 1961 నాటి చట్టంలో 44ఏఈగా అందరికీ తెలిసిన అంచనా ఆదాయ పద్ధతిలో, అంటే 12 టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు 1,000 రూపాయల చొప్పున, మీరు రిటర్ను వేస్తుంటే రిపేరు ఖర్చు అందులోనే కలిసి ఉందని లెక్క. ఈ బిల్లు చూపించి విడిగా తగ్గింపు అడగలేరు. నిజమైన లాభం అంతకంటే తక్కువని చూపాలంటే ఖాతా పుస్తకాలు, ఆడిట్ అవసరమవుతాయి. ఈ సంవత్సరానికి ఏది మేలో మీ ఆడిటర్‌తో మాట్లాడండి.

పరీక్షల్లో ఇంజన్ లోపలి అరుగుదల బయటపడి, బోరు పని చెబితే నా లెక్క మారుతుంది. కిస్తీ పోను మీకు మిగిలేది నెలకు 43,000. మొత్తం రిపేరు పది నెలల మిగులును, అంటే 4.30 లక్షలను దాటితే, చేయించడమా అమ్మడమా అన్నది మళ్ళీ కూర్చుని ఆలోచించాలి. ఆ పరీక్షల కాగితాలతో మళ్ళీ రాయండి.

బండి బాగై వచ్చాక వారానికి ఒకటైనా దూరపు లోడు, కనీసం హైదరాబాదుకు, చూసుకోండి. ఆ 145 కిలోమీటర్ల హైవే మీద మసి కాలే పని దానంతట అదే జరిగిపోతుంది. బండిని నిలబెట్టి మసి కాల్చాల్సి వస్తే ఏనుమాముల మార్కెట్ పత్తి బస్తాల దగ్గర గాని, ఎండు గడ్డి మీద గాని ఎప్పుడూ వద్దు. పొగగొట్టం ఆ సమయంలో నిప్పుతో సమానం. ముందు ముందు రిపేర్ల కోసం కిలోమీటరుకు రూపాయిన్నర చొప్పున వేరే ఖాతాలో వేస్తూ పోతే, నెలకు 4,500 కిలోమీటర్లు తిరిగినా 6,750 జమ అవుతుంది.

ఈ నెల కిస్తీ కట్టిన మరునాడే బండిని వర్క్‌షాప్‌లో పెట్టండి. అంతకుముందు ఇంజన్ చల్లారి ఉన్నప్పుడు పొగగొట్టం చివర లోపల ఒక తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డ దాదాపు తెల్లగానే వస్తే ఫిల్టర్ లోపల పగలలేదని, శుభ్రం చేయిస్తే పనికొచ్చే అవకాశం ఉందని అర్థం. కాటుకలా నల్లగా వస్తే ఫిల్టర్ పగిలి మసి దాటిపోతోందని అనుమానించాలి, అప్పుడు మళ్ళీ 32,000 పెట్టి కడిగించడం వృథా. గుడ్డ ఎలా వచ్చిందో జాబ్ కార్డులో మొదటి వాక్యంగా రాయించండి.