ఉద్వాసన ఎవరికి?

సందేహం: డిజిటల్ మీడియా వార్తలను తెలుగు చేసే పని నాది. న్యూయార్క్ వెబ్‌సైట్లు డీఎన్‌ఏఇన్ఫో, గోథమిస్ట్‌ల మూసివేత గురించి రాస్తూ ‘యూనియన్ పెట్టుకున్న 115 మందికి ఉద్వాసన’ అని శీర్షిక పెట్టాను. అది దేవుడికి చెప్పే మాట, కొలువులకు వాడకూడదని మా తాతగారు అంటున్నారు. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

సమాధానం: మీ తాతగారి మాట తోసిపుచ్చేది కాదు. వస్ ధాతువుకు ఉండడం, నివసించడం అని అర్థం. నివాసం, ప్రవాసం, ఉపవాసం దాని సంతానమే. ముందు ‘ఉత్’ చేరి, ప్రేరణార్థకమైతే ఉన్నచోటి నుంచి లేచి వెళ్లేలా చేయడం. యజ్ఞంలో ఉడికిన చరువును, అంటే హోమానికి వండిన అన్నాన్ని, నిప్పు మీద నుంచి దించడమూ ఉద్వాసనే. ఇక వినాయక చవితి పూజ చూడండి. ఆవాహనతో పిలుస్తాం, ఆసనమిస్తాం, పాద్యమిస్తాం, నైవేద్యం పెడతాం. ఆఖర్న అక్షతలు వేసి, ప్రతిమను కాస్త కదిలించి ‘యథాస్థానం’ అంటాం, ‘పునరాగమనాయ చ’ అనీ అంటాం. అంటే వెళ్లే అతిథికి సొంత చోటుంది, మళ్లీ రమ్మన్న పిలుపూ ఉంది. కొలువు పోయినవాడికి ఈ రెండూ లేవు. నాకు ఆ మాట అక్కడ ముల్లులా గుచ్చుకునేది అందుకే.

అయినా మంత్రి పదవి పోయినా ఉద్వాసనే అంటూ పత్రికలు ఏనాటి నుంచో రాస్తున్నాయి, జనం ఒప్పుకున్నారు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాటం మొదలుపెట్టింది మీ ఊళ్లో పాఠాలు చెబుతూనే. (1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి చేరారు. ప్రవాసమంటే ఏమిటో మీ ఊరికి వేరే చెప్పాలా!) కాబట్టి తప్పనలేను, మెచ్చుకోనూ లేను. మీ వైపు ఇళ్లలో ‘పన్లోంచి తీసీసినారు’ అంటారే, దానికున్న సూటిదనం ఈ సంస్కృత పదానికి లేదు.

మీ శీర్షికలో అసలు దోషం ‘పెట్టుకున్న’ అన్న విశేషణంలో ఉంది. 2017 అక్టోబరులో సంఘం కోసం ఓటేసింది న్యూయార్క్ ఉద్యోగులు మాత్రమే. 25 మంది కావాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. వారం తిరిగేసరికి, నవంబరు 2న, యజమాని జో రికెట్స్ షికాగో మొదలైన ఊళ్ల సైట్లతో సహా అన్నీ మూసేశారు. 115 మందిలో ఓటుతో సంబంధమే లేనివాళ్లు ఎందరో. మీ విశేషణం అందరినీ సంఘంలో చేర్చేసింది.

ఈ మధ్య అనువాదాల్లో ‘సంస్థ మూతపడింది’, ‘తొలగింపులు చోటుచేసుకున్నాయి’ అని చదువుతుంటే ఒళ్లు మండుతుంది. మూతపడడం అకర్మకం. తలుపు గాలికి పడినట్టు ఉంటుందే గాని, వేసిన చెయ్యి కనిపించదు. మూసినవాడు ఉన్నప్పుడు ‘మూసేశారు’ అనే రాయండి, కర్తను దాచకండి.

యూనియన్‌కు ‘సంఘం’ చాలు. దగ్గరగా చేర్చి కూర్చినదని దాని వ్యుత్పత్తి.

‘యూనియన్ వ్యతిరేకత’ అనాలా, ‘కక్ష’ అనాలా అన్న ప్రశ్న కూడా మీకు ఎదురవుతుంది. అభిప్రాయానికి వ్యతిరేకత, చేతకు కక్ష. తాను స్థాపించిన సంస్థల్లో సంఘాలు వద్దని రికెట్స్ సెప్టెంబరులోనే రాశారు, అది వ్యతిరేకత. మూసేశాక చెప్పిన కారణం మాత్రం లాభం. కక్ష అని మీరు తేల్చక్కర్లేదు, ఓటు తేదీ, మూసేసిన తేదీ పక్కపక్కన పెట్టండి. ‘చట్టవిరుద్ధంగా’ అని మాత్రం చేర్చకండి. కక్షతోనైనా సరే యజమాని వ్యాపారం మొత్తం కట్టేసుకోవచ్చనీ, మిగిలినవాళ్లను సంఘం జోలికి పోకుండా బెదిరించడానికి ఒక భాగాన్ని మూస్తేనే కార్మిక చట్టానికి విరుద్ధమనీ అమెరికా సుప్రీంకోర్టు 1965లో తేల్చింది.

నేనైతే ‘సంఘానికి ఓటేసిన వారానికే సైట్లన్నీ మూసేసిన యజమాని’ అని పెడతాను. తాతగారికి చదివి వినిపించండి, ఆయనకు ఇంకా అభ్యంతరముంటే రాయండి.