ఇనాం హారం కడిగించొచ్చా? పాత నగలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ముత్తాత వైద్యుడు. రోగం నయం చేసినందుకు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇనాంగా ఇచ్చారని మా ఇంట్లో ఒక ముత్యాల కుందన్ హారం ఉంది. దుకాణంలో చూపిస్తే తులాల లెక్కన ధర కట్టారు, కడిగి మెరుపు తెస్తామన్నారు. అది నిజాం ఇచ్చిందేనని ఎట్లా తేల్చుకోవాలి? (హనుమకొండ)

జవాబు: ముందు ఆ కడిగించే ఆలోచన మానుకోండి. కుందన్ నగ లోపల గుల్ల. అందులో లక్క నింపి, రాయి కింద మెరుపు రేకు పరిచి, చుట్టూ మేలిమి బంగారు రేకును మొనతో ఒత్తి బిగిస్తారు. మంట తగలకుండా ఒత్తిడితోనే బంగారానికి బంగారం అతుక్కుంటుంది. సందులోంచి నీళ్లు దిగితే రేకు నల్లబడి రాయి గుడ్డిదవుతుంది. రాయి ఊడదీసి రేకు మార్చితే తప్ప ఆ వెలుగు తిరిగి రాదు. వేడినీళ్లకు లక్క మెత్తబడి రాళ్లు కదులుతాయి, చింతపండు పులుపు ముత్యం పైపొరను తినేస్తుంది. ఇక శబ్ద తరంగాలతో నగలు కడిగే అల్ట్రాసోనిక్ యంత్రం జోలికే పోవద్దు. పొడి మెత్తటి కుంచె, మల్లుగుడ్డ చాలు.

తులాల లెక్క కూడా నమ్మకండి. తూకంలో లక్క, రాళ్లు, ముత్యాలు అన్నీ కలిసే ఉంటాయి. నికర బంగారం తేలాలంటే విప్పాలి, విప్పాక పాత పనితనం మిగలదు. హాల్‌మార్క్ లేదని ధర తగ్గిస్తామంటే ఒప్పుకోకండి, కుందన్, పోల్కి, జడావు నగలకు అది తప్పనిసరి కాదు.

ఇక ఎవరిచ్చారన్నది. నగ తన కాలం చెప్పగలదు గానీ, ఇచ్చినవారి పేరు చెప్పలేదు. మహబూబ్ అలీఖాన్ 1869 నుంచి 1911 దాకా గద్దె మీద ఉన్నారు. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దంతో కెంపులు చూపించండి. లోపల వంపు గీతలుంటే అది మంటలో తయారుచేసిన రాయి, ఆ పద్ధతి 1902లో బయటికొచ్చింది. ముత్యాలకు ఎక్స్‌రే తీయిస్తే లోపల గింజ పెట్టి పెంచినవి తెలిసిపోతాయి. గుండ్రటి పెంపకపు ముత్యాలు బజారులో నిండింది 1920ల నుంచే. అట్లాగని ఒక రాయి కొత్తదైతే హారమంతా కొత్తది కాదు. రాలిపోయిన చోట ఎవరో అవుసలాయన మార్చి ఉండొచ్చు.

ఇచ్చినవారి పేరు చెప్పాల్సింది కాగితమే. ఇంట్లో ఉర్దూ, ఫార్సీ పత్రాలుంటే లామినేషన్ చేయించకండి, ఫొటో తీసి చదివించండి. తేదీ దగ్గర చాలామంది పొరపడతారు. నిజాం సర్కారు శిస్తు లెక్కలకు వాడిన ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది, ముస్లింల హిజ్రీ లెక్క వేరు. 1310 ఫస్లీ అంటే 1900-01, అదే 1310 హిజ్రీ అయితే 1892-93. నిజాం కాలపు దస్తావేజులు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ముత్తాతగారి పేరు, ఊరు, సుమారు సంవత్సరం రాసుకుని వెళ్లండి. ఇవేవీ లేకుండా ‘నిజాం హారం’ అని చెప్పుకోవడం వరకు బాగానే ఉంటుంది, ఎక్కువ ధర మాత్రం రాదు.

ప్రశ్న: దొర మా తాతకు బహుమానమిచ్చిన వెండి తీగపని అత్తరుదాని నల్లబడింది. పేస్టుతో తోమొచ్చా? (కరీంనగర్)

జవాబు: వద్దు. పేస్టులోని గరుకు సన్న తీగను అరగదీస్తుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో తాకీ తాకనట్టు కడిగి, సందుల్లో తడి లేకుండా ఆరబెట్టండి. మూటకు రబ్బరు బ్యాండు వేయకండి, అందులోని గంధకమే వెండిని నల్లబరుస్తుంది.

ప్రశ్న: నూరేళ్లు దాటిన సర్పేచ్‌ను (తలపాగా మీద పెట్టుకునే నగ) అమెరికాలో ఉన్న కొడుక్కి పంపొచ్చా? (జగిత్యాల)

జవాబు: కుదరదు. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన అలాంటి కళావస్తువును సొంతంగా దేశం దాటించకూడదు. వయసు తక్కువని మీ నమ్మకమైతే, పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వే నుంచి ధ్రువపత్రం తీసుకున్నాకే పంపండి.