పార్కులో పిల్లల్ని చూస్తే ఒళ్లు తేలికవుతోంది.. మరి రాత్రి నిద్ర ఎందుకు పట్టడం లేదు?

ప్రశ్న: నా వయసు 46. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఏడాదిగా మెడ నొప్పి, భుజాలు బిగుసుకుపోవడం, అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టకపోవడం. బీపీ, షుగర్, థైరాయిడ్ అన్నీ నార్మల్. టెన్షన్ తగ్గించుకోమన్నారు, ఎలాగో చెప్పలేదు. సాయంత్రం పార్కులో చిన్నపిల్లల ఆట చూస్తున్నంతసేపు మాత్రం హాయిగా ఉంటుంది. పడతారు, ఏడుస్తారు, అంతలోనే నవ్వేస్తారు. మనం అలా ఎందుకు ఉండలేం? నిద్ర మాత్రలు వాడమంటారా?

జవాబు: మీ నొప్పీ నిజమే, నిద్ర పట్టకపోవడమూ నిజమే. రిపోర్టులు నార్మల్ అంటే మీకేమీ లేదని కాదు, ఆ పరీక్షలు వెతికే జబ్బులు లేవని మాత్రమే. గంటల తరబడి బిగపట్టి ఉంచిన కండరం నొప్పి పుడుతుంది, దాన్ని పట్టి చూపించే రక్తపరీక్ష లేదు.

పిల్లల్ని చూస్తే హాయిగా ఉందన్నారు కదా, ఈసారి ఇంకాస్త పరీక్షగా చూడండి. వాళ్లకు టెన్షన్ లేదనుకుంటాం గానీ అది సరికాదు. చేతిలో బొమ్మ లాక్కుంటే వాళ్ల గుండె కూడా దడదడలాడుతుంది, వాళ్ల ఒంట్లోనూ స్ట్రెస్ హార్మోన్లు పెరుగుతాయి. తేడా ఎక్కడంటే, శరీరం ఏదైనా అడిగితే వాళ్లు వాయిదా వేయరు. కదలాలనిపిస్తే కదులుతారు, అలసిపోతే ఉన్నచోటే చతికిలబడతారు, ఏడుపొస్తే ఏడ్చేస్తారు. మనమేమో మెడ పట్టేసిందని మధ్యాహ్నమే తెలిసినా ఈ ఒక్క పని అయ్యాక చూద్దాంలే అనుకుంటాం, రాత్రి పదకొండింటికి కూడా ఆ ఒక్క పని నడుస్తూనే ఉంటుంది. మీ ఇబ్బందిలో ఎక్కువ భాగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

కేరెన్ ఎడాల్ఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2012లో ఒక అధ్యయనం ప్రచురించింది. 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటుంటే లెక్కపెట్టి చూశారు. గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. అదీ ఏకబిగిన కాదు, నాలుగు అడుగులు, ఆగడం, మళ్లీ నాలుగు అడుగులు. మీ మెడకు కావలసింది ఇదే. వారాంతంలో రెండు గంటలు జిమ్‌కు వెళ్లి మిగతా రోజులన్నీ కుర్చీకి అతుక్కుపోతే భుజాల బిగుతు తగ్గదు. అరగంటకోసారి లేవండి, రెండు నిమిషాలు నడవండి, భుజాలు చెవుల దాకా ఎత్తి వదిలేయండి. ఫోన్ మాట్లాడాల్సి వస్తే నిలబడి మాట్లాడండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఇంకోటి గమనించారో లేదో, పిల్లలు పడగానే ఏడవరు, ముందు అమ్మ ముఖమో నాన్న ముఖమో చూస్తారు. దీని మీద 1985లో వచ్చిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఏడాది వయసు పిల్లల ముందు గట్టి గాజు పలక ఉంది, ఒకచోట దాని కింద నేల లోతుగా ఉన్నట్టు కనిపిస్తుంది. అవతల నిలబడ్డ తల్లి నవ్వుతూ కనిపిస్తే 19 మందిలో 14 మంది దాటి వచ్చేశారు, భయపడుతూ కనిపిస్తే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. అంటే ధైర్యం వాళ్లలోంచి మాత్రమే పుట్టడం లేదు, ఎదుటివాళ్ల ముఖంలోంచి కూడా తెచ్చుకుంటున్నారు. పెద్దయ్యాక మనకు ఈ అవసరం తీరిపోదు, కాకపోతే మనం అడగడం మానేస్తాం. మీ ఉత్తరంలో ఇంట్లోవాళ్ల ప్రస్తావన ఎక్కడా లేదు. నిద్ర పట్టడం లేదన్న సంగతి వాళ్లకు చెప్పారా? చెప్పకపోతే ఈరోజే చెప్పండి, పరిష్కారం కోసం కాదు, ఊరికే చెప్పండి.

ఇక నిద్ర. పసిపిల్లల్ని ఎవరూ ఆట మధ్యలోంచి ఎత్తుకొచ్చి పడుకో అనరు. లైటు తగ్గిస్తారు, జోకొడతారు, రోజూ అదే వేళకు, అదే వరసలో. మీరు మాత్రం ల్యాప్‌టాప్ మూసిన ఐదు నిమిషాలకే నిద్ర రావాలనుకుంటున్నారు. పడుకునే ముందు కనీసం అరగంట ఫోన్ పక్క గదిలో పెట్టండి, రేపటి పనులు కాగితం మీద రాసేయండి, పొద్దున లేచే టైమ్ సెలవు రోజు కూడా మార్చకండి. సుమారు ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి మసక వెలుతురులో కూర్చోండి, కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ వెళ్లండి. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ వద్దు.

నిద్ర మాత్రలు సొంతంగా మొదలుపెట్టకండి. మందుల కంటే ముందు సీబీటీ-ఐ అనే కౌన్సెలింగ్ పద్ధతిని ప్రయత్నించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి, దాని గురించి మీ డాక్టర్‌ని అడగండి. గట్టిగా గురక పెడుతున్నారనో, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఉందనో ఇంట్లోవాళ్లు అంటే అది వేరే సమస్య కావచ్చు, స్లీప్ టెస్ట్ అవసరమవుతుంది. నొప్పి చేతిలోకి పాకుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, పట్టు తగ్గినా మెడను పరీక్ష చేయించుకోవాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకుండా, దిగులుగా గడుస్తుంటే సైకియాట్రిస్ట్‌ని కలవండి, అదీ మిగతా వాటిలాగే చికిత్స ఉన్న సమస్యే.